ఊఁ కొట్టకపోయినా సాగిపోయే కథ

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అక్క కొడుకు డాబా మీద నవారు మంచంలో వెల్లకిలా పడుకుని ఫోన్లో గెన్షిన్ ఇంపాక్ట్ ఆడుతున్నాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం వాడు. తెర మీద ఒక పెద్దాయన చేతులు తిప్పుతూ ఏదో గోడు వెళ్ళబోసుకుంటున్నాడు. మావాడి బొటనవేలు మాత్రం కుట్టుమిషన్ సూదిలా టకటకా పడుతూనే ఉంది. పెద్దాయన ఒక మాట ఎత్తుకునేలోపే రెండోది, అది చదివేలోపే మూడోది.

"ఏమంటున్నాడ్రా ఆయన?" అన్నాను.

"ఏమో మామయ్యా."

"మరి ఎక్కడికి పరిగెడుతున్నావ్?"

"అదిగో, అక్కడ గుర్తు పెట్టాడు కదా."

"ఆయన కష్టమేంటో తెలీకుండానే తీర్చేస్తావా?"

వాడు ఆట ఆపకుండానే అన్నాడు: "ఆయనకి వారానికి రెండుసార్లు ఇదే కష్టం వస్తుంది మామయ్యా."

నవ్వాను. కింద వరండాలో మా అమ్మ, తమ్ముడి కొడుక్కి ఏడు చేపల కథ చెబుతోంది. నాలుగేళ్ళవాడు. ఆ రెండు రోజుల్లో అది ఎన్నోసారో లెక్క లేదు. కథ గొల్లవాడి దగ్గరకి వచ్చేసరికి గుమ్మంలోంచి ఎవరో పిలిచారు. అమ్మ తొందరలో అవ్వని దాటేసి ఏడ్చే పిల్లాడి దగ్గరకి వెళ్ళిపోయింది. వాడు ఊరుకోలేదు. "అవ్వ ఏదీ?" అని నాయనమ్మ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. మళ్ళీ గొల్లవాడి దగ్గర్నుంచి మొదలు.

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేముల్లో క్వెస్టులన్నీ, అంటే ఆటలోని పాత్రలు మనకి అప్పజెప్పే పనులన్నీ, ఒకేలా ఉంటాయి, అందుకే మనసుకి పట్టవు అనే మాట ఎన్నో ఏళ్ళుగా వింటున్నాను. నేనూ అంటున్నాను. పది తోడేళ్ళని చంపు, పన్నెండు తోకలు పట్రా, ఈ ఉత్తరం పక్క ఊళ్ళో ఇచ్చిరా. ఆ మాట తప్పేమో అని మొదటిసారి అనిపించింది ఆ సాయంత్రమే. ఏడు చేపల కథ కన్నా ఒకేలా సాగే కథ ఇంకేముంది? ఎండని చేప దగ్గర్నుంచి కుట్టిన చీమ దాకా ప్రశ్న ఒకటే, జవాబు తీరూ ఒకటే. గేముల భాషలో చెప్పాలంటే అది అచ్చంగా ఒక క్వెస్ట్ చైన్. రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేములో 'వన్ స్మాల్ ఫేవర్' అని ఒక క్వెస్ట్ ఉంది. షిలో అనే ఊళ్ళో పాత వస్తువులమ్మే ఒకతను చిన్న సాయం అడుగుతాడు. దాని కోసం వెళ్తే ఆ మనిషి ఇంకో చిన్న సాయం అడుగుతాడు, అతని కోసం వెళ్తే మరొకడు. లోకమంతా చుట్టి చివరి మనిషి దగ్గర్నుంచి ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ వెనక్కి రావాలి. ఆడినవాళ్ళు తిట్టుకుంటారు, కానీ మర్చిపోరు. రాసినవాడు మన ఏడు చేపలు వినుండడు గానీ వినుంటే దగ్గరి చుట్టమనుకునేవాడు.

కాబట్టి ఒకేలా ఉండటం దగ్గర లేదు తప్పు. మరెక్కడుంది?

మా అమ్మమ్మ కథ చెప్పడానికి ఒక షరతు పెట్టేది. ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ ఆగిపోతుంది. మా ఊఁ కాస్త సాగి నిద్రమత్తుగా వినిపించిందనుకోండి, ఆవిడ అదే గొంతుతో, "అప్పుడా రాకుమారుడు రాజమండ్రి బస్సెక్కి టికెట్ తీసుకున్నాడు" అనేది. "ఊఁ" అన్నామో దొరికిపోయినట్టే. "నీకు కథెందుకురా, పడుకో" అని దుప్పటి కప్పేసేది.

క్వెస్ట్ ఇచ్చే మనిషి గోడంతా చెప్పుకున్నాక కింద యాక్సెప్ట్ అని ఒక బటన్ ఉంటుంది. అది మన ఊఁ. కాకపోతే ఆ ఊఁ నిజమైనదో నిద్రమత్తుదో ఎవరూ పట్టించుకోరు. రాజమండ్రి బస్సు ఎప్పుడూ రాదు.

రోజూ అవే ఆత్మలకు మోక్షం

నేను వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ మొదలుపెట్టింది 2008 చివర్లో, డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్లో నలుగురం. నెలకి 15 డాలర్ల చందా. సామాను ఖర్చులు రాసుకునే ఎక్సెల్ షీట్లో దాన్ని 'ఇతరములు' అని రాసేవాణ్ణి. మిగతా ముగ్గురికీ తెలుసు, ఎవరూ అడగలేదు.

అప్పుడే దానికి రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ అనే కొత్త భాగం వచ్చింది. ఉత్తరాన స్టార్మ్ పీక్స్ అనే మంచు కొండల్లో హోడిర్ కొడుకులని ఒక రాక్షస జాతి ఉంటుంది. వాళ్ళ మెప్పు పొందితే భుజకవచానికి మంచి మంత్రం ఇస్తారు. ఆ మెప్పు కావాలంటే రోజూ వెళ్ళి అవే పనులు చేయాలి. అందులో ఒకటి కొమ్ము ఊదడం. శాంతి లేక తిరుగుతున్న ఆత్మలుంటాయి. వాటిని పడగొట్టి, పక్కన నిలబడి హోడిర్ కొమ్ము ఊదితే విముక్తి. ఈ రకానివి ఐదు, ఆ రకానివి ఐదు.

మొదటి రోజు కొమ్ము ఊదినప్పుడు, ఆ మంచులో, హెడ్‌ఫోన్స్‌లో ఆ శబ్దానికి ఒళ్ళు గగుర్పొడిచిన మాట నిజం. రెండో రోజు వెళ్తే అవే ఆత్మలు అక్కడే తిరుగుతున్నాయి. మూడో రోజూ అంతే. నెల పైనే చేశాను. మన గోదావరి గట్టున పిండం పెట్టించే పంతులుగారైనా రోజుకో కొత్త కుటుంబాన్ని చూస్తాడు. నేను రోజూ అదే పదిమందికి మోక్షం ఇప్పించాను. చివరి వారాల్లో పక్క కిటికీలో డేటాబేస్ అసైన్‌మెంట్ రాసుకుంటూ ఊదేవాణ్ణి.

ఇది ఎందుకిలా తయారైందో అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. ఒక మంచి క్వెస్ట్ కట్టడానికి రాసేవాళ్ళకి, బొమ్మలు గీసేవాళ్ళకి వారాలు పడుతుంది. ఆటగాడు పావుగంటలో తినేస్తాడు. చందా మాత్రం ప్రతి నెలా రావాలి. అందుకే 2007లో రోజువారీ క్వెస్టులు పెట్టారు. మొదట రోజుకి 10 మించి కుదరదన్నారు, మరుసటి ఏడు 25కి పెంచారు. అంటే రోజుకి పాతిక సార్లు సాయం చేసే సదుపాయం. గెన్షిన్‌లో ఆ లెక్క ఇంకా పచ్చిగా ఉంటుంది. రోజుకి నాలుగు కమిషన్లు, అంటే చిన్న పనులు, అన్నీ పూర్తిచేస్తే ఆటలో డబ్బులా చెల్లే 60 ప్రిమోజెమ్‌లు. కొత్త పాత్ర కోసం ఒక్కసారి అదృష్టం పరీక్షించుకోవడానికి 160 కావాలి. మూడు రోజులు పెద్దాయన కష్టం తీరిస్తే ఒక లాటరీ టికెట్టు. మావాడి బొటనవేలిని నేనెలా తప్పుపట్టను?

అయినా వాడు రాయి కాదు. ఆ రాత్రి భోజనాలయ్యాక మళ్ళీ అదే విషయం ఎత్తితే, "మెయిన్ స్టోరీ అయితే వింటాను మామయ్యా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మరీ. అది ఒక్కసారే వస్తుంది కదా" అన్నాడు. ఈ మాట నా వాదానికి అడ్డం పడింది. ఒక్కసారే వచ్చేదాన్ని వింటాం, రోజూ వచ్చేదాన్ని వినం. మరి కింద నాలుగేళ్ళవాడో? దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

అరవై కోరలు

వార్‌క్రాఫ్ట్ ఆడినవాళ్ళకి మంక్రిక్ పేరు చెబితే చాలు. కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. బారెన్స్ అనే ఎండిన మైదానం మధ్యలో క్రాస్‌రోడ్స్ అని ఒక స్థావరం. అక్కడ ఈ మంక్రిక్ అనే ఓర్క్, అంటే పచ్చటి రాక్షస జాతివాడు, నిలబడి ఉంటాడు. పంది మొహాల క్విల్‌బోర్‌లతో జరిగిన పోరులో అతను, అతని భార్య చెరో దిక్కయ్యారు. ఆమె ఏమైందో చూసిరమ్మంటాడు. ఎక్కడ వెతకాలో సరిగ్గా చెప్పడు. చెప్పలేడు, అతనికీ తెలియదు.

నేను రెండు సాయంత్రాలు తిరిగాను. అప్పట్లో బారెన్స్ చాట్ అంతా ఒకటే ప్రశ్న: మంక్రిక్ భార్య ఎక్కడ? మధ్యమధ్యలో చక్ నారిస్ జోకులు. మా వరంగల్ రూమ్మేట్ నా వెనక నిలబడి చాయ్ తాగుతూ, "గిట్ల ఎన్ని దినాలు తిరుగుతవ్ రా? థాట్‌బాట్‌ల చూస్కో" అన్నాడు. థాట్‌బాట్ అంటే అప్పట్లో అన్ని క్వెస్టులకీ జవాబులుండే సైటు. నేను చూడలేదు. పౌరుషం. రెండో రాత్రి దక్షిణాన, దారికి ఓరగా, క్విల్‌బోర్‌ల గుడిసెల దగ్గర ఆమె శవం దొరికింది. పేరు కూడా లేదు. 'దెబ్బలు తిన్న శవం' అని మాత్రం ఉంది. రూమ్మేట్ గ్లాసు కింద పెట్టి, "ఆడు ఇంక ఎదురు చూస్తుండు కదరా ఆడ" అన్నాడు. వాడు ఆర్నెల్ల కిందటే ఆ క్వెస్ట్ సైటు చూసి రెండు నిమిషాల్లో పూర్తిచేసినవాడు.

మంక్రిక్ ఇంకో పని కూడా ఇస్తాడు. క్విల్‌బోర్‌ల కోరలు తెమ్మంటాడు. పది, పన్నెండు కాదు, 60. ఆటలో ఇంతకన్నా విసుగు పని అరుదు. మామూలుగా అయితే ఇది సోమరి డిజైన్‌కి నిలువెత్తు ఉదాహరణ. కానీ అడుగుతున్నది ఎవడో తెలిసి చేస్తుంటే నలభయ్యో కోర దగ్గర నాకొకటి తట్టింది. ఈ విసుగు అతనిదే. ఎన్ని తెచ్చినా చాలని మనిషి 60 కాక ఎంత అడుగుతాడు? పది అడిగితే అబద్ధం అయ్యేది. అక్కడ ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయడమే కథ. హోడిర్ కొమ్ముని నేను అంతకన్నా చాలా ఎక్కువ సార్లు ఊదాను, ఆ ఆత్మలు ఎవరివో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

ఈ రెండింటికీ మధ్య తేడా ఏమిటంటే, సైటు చూసుకుంటే తప్ప, మంక్రిక్ మాట వినకుండా అతని పని అయ్యేది కాదు. అంటే మన ఊఁ నిజమో కాదో ఆ క్వెస్ట్ పరీక్షించింది. అదే అక్కడి రాజమండ్రి బస్సు.

2009 డిసెంబరులో 3.3 ప్యాచ్ వచ్చింది. క్వెస్ట్ ఎక్కడ చేయాలో మ్యాప్ మీద గేమే చూపించడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ పని చేసే యాడాన్‌లు, అంటే గేముకి విడిగా తగిలించుకునే చేర్పులు, ఉండేవి, అవి పెట్టుకోవాలా వద్దా అన్నది మన ఇష్టం. నాకు అది పరీక్షల వారం. హమ్మయ్య అనుకున్నాను, దాచడమెందుకు. రెండు గంటల పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కానీ ఆ డిసెంబరు తర్వాత నాకు క్వెస్టులు ఇచ్చినవాళ్ళలో పేరుతో గుర్తున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. అంతకుముందు తిట్టుకుంటూ వెతికినవాళ్ళు ఇప్పటికీ మొహాలతో సహా గుర్తున్నారు.

చదివేదెవరు?

దీనికి గట్టి జవాబు ఆ గేమ్ చేసినవాళ్ళ దగ్గరే ఉంది. వార్‌క్రాఫ్ట్ క్వెస్టుల వెనక ముఖ్యుడైన జెఫ్ కాప్లన్ 2009లో శాన్‌ఫ్రాన్సిస్కో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఒక ప్రసంగం చేశాడు. తమ తప్పుల చిట్టా తనే విప్పాడు. క్వెస్ట్ వివరణకి 511 అక్షరాలే పరిమితి అని చెప్పి, అది మంచిదే అన్నాడు. గేములో పుస్తకాలు రాయడం మానేయాలి, ఎవరూ చదవరన్నది ఆయన వాదన. స్ట్రాంగిల్‌థార్న్ అడవిలో ఒక నవల తాలూకు చిరిగిన పేజీలు ఏరుకొచ్చే క్వెస్ట్ ఒకటుంది, పేజీలతో సంచి నిండిపోయి ఆటగాళ్ళు నెత్తి బాదుకునేది. గేములోకెల్లా చెత్త క్వెస్ట్ అదే, అది చేసింది నేనే అని కూడా చెప్పుకున్నాడు. తన తప్పు మీద తనే అంత తీరుబడిగా నవ్వుకునేవాళ్ళు ఏ రంగంలోనూ ఎక్కువమంది ఉండరు.

511 అక్షరాలంటే ఒక పోస్టుకార్డు. నేను ఆయనతో ఒప్పుకుంటాను. మంక్రిక్ చెప్పింది అంతకన్నా తక్కువే. ఏడు చేపల్లో ఒక్కో మజిలీకి రెండు వాక్యాలు కూడా ఉండవు. పొడుగు ఎప్పుడూ సమస్య కాలేదు. ఆయన మాట్లాడిన ఏడాదే బాణం గుర్తులు కూడా వచ్చాయి చూడండి, అక్కడ పేచీ. ఎవరూ చదవరు కాబట్టి చదవాల్సిన అవసరం తీసేశారు. అవసరం తీసేశాక ఎవరూ చదవడం లేదు అంటే ఏం చెప్తాం?

ఇది రాస్తూ నన్ను నేనే అడ్డుకోవాల్సి వస్తోంది. ఇరవై మూడేళ్ళ కుర్రాడికి రెండు సాయంత్రాలు ఒక శవం కోసం తిరిగే తీరిక ఉంది. ఇప్పుడు రాత్రి పదిన్నరకి అమెరికా కాల్ ముగించుకుని, పొద్దున ఆరుకి లేవాల్సినవాడికి బాణం గుర్తు దయ. వినడాన్ని పరీక్షించే ఆట, వినే ఓపిక లేనివాడిని గెంటేస్తుంది కూడా. అమ్మమ్మ దుప్పటి కప్పేస్తే మాకు నష్టం లేదు, పొద్దున్న మళ్ళీ కథ ఉంటుంది. చందా కట్టినవాణ్ణి కంపెనీ అలా పడుకోబెట్టలేదు.

ఇంకో అడ్డంకి ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్. అది 2010లో వచ్చి బోల్తాపడితే, నావోకి యోషిదా చేతికిచ్చి, ఆ లోకాన్ని కథలోనే కూల్చేసి, 2013లో ఎ రెల్మ్ రీబార్న్ పేరుతో మళ్ళీ కట్టారు. 2016లో ఒక ఏడాది ఆడాను. ప్రతి అడుగుకీ బాణం గుర్తే. చేసేవన్నీ చాకిరీలే. టైటాన్ అనే భూతంతో పోరాడబోయే ముందు ఒక పాత వీరుల బృందం దగ్గరికి సలహాకి వెళ్తే, విందుకి సారా తే, జున్ను తే అని ఊళ్ళు తిప్పుతారు. లోకం మునిగిపోతుంటే జున్నేంటయ్యా అని కీబోర్డు మీద గుద్దాను. చివరికి వాళ్ళకే అనిపించి 2020 ఆగస్టులో ఆ మొదటి భాగంలో చాలా చాకిరీలు కత్తిరించారు.

అంత విసిగించిన ఆటలోనే కోర్థాస్ మంచులో ఒక సైనికాధికారి ఉంటాడు. హోర్షఫాంట్. మనం అందరి చేతా తరిమివేయబడి వెళ్తే లోపల కూర్చోబెట్టి వేడివేడిగా తాగడానికి ఇస్తాడు. 2015లో వచ్చిన హెవెన్స్‌వార్డ్ అనే తర్వాతి భాగంలో అతను పోతాడు. నాకు తెలిసి ఆ గేమ్ ఆడినవాళ్ళలో అక్కడ తడబడనివాళ్ళు తక్కువ. అతని సమాధి దగ్గర పనేమీ లేకుండా వెళ్ళి నిలబడే ఆటగాళ్ళని నేను చాలాసార్లు చూశాను, ఒకటి రెండుసార్లు నేనూ నిలబడ్డాను. అక్కడ ఏ పరీక్షా లేదు, దారి వెతుక్కునే పనీ లేదు. మరి ఎందుకు పట్టింది?

చాలా రోజులు ఆలోచించి ఒక జవాబు చెప్పుకున్నాను. అది పూర్తిగా నన్ను ఒప్పించలేదు, అయినా చెప్తాను. ఆ ఆటలో మనం మళ్ళీ మళ్ళీ వెళ్ళేది అవే మనుషుల దగ్గరికి. వాళ్ళకి మనం ఏం చేశామో తెలుసు. పోయినసారి నువ్వు ఇలా చేశావు కదా అని ఎత్తుతారు. పక్కింటివాళ్ళు చక్కెర అడగడం, కరెంటు బిల్లు కట్టిపెట్టమనడం కథ కాదు. పదేళ్ళు అలా అయ్యాక వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తుంటే మనకి అన్నం సహించదు. ఆ చాకిరీ ఊరికే పోలేదన్నమాట. హోడిర్ కొడుకులు నాకు నెల రోజుల తర్వాత కూడా మొదటి రోజు చెప్పిన మాటే చెప్పారు. వాళ్ళ లెక్కలో నేను ఎక్కాను, వాళ్ళ మాటల్లోకి మాత్రం ఎక్కలేదు.

పమేలా బొమ్మ

ఇక అసలు విషయం. ఈస్టర్న్ ప్లేగ్‌ల్యాండ్స్‌లో డారోషైర్ అని ఒక పాడుబడ్డ పల్లె. ఆకాశం ఎప్పుడూ ముదురు నారింజ రంగులో, జబ్బు చేసినట్టు ఉంటుంది. కూలిన ఇళ్ళ మధ్య పమేలా అనే చిన్నపిల్ల ఉంటుంది. ఇంట్లోనే ఉండమని చెప్పి నాన్న యుద్ధానికి వెళ్ళాడని, ఇంకా రాలేదని చెబుతుంది. తను చనిపోయానని ఆ పిల్లకి తెలీదు. అడిగేది నాన్నని కాదు, బొమ్మని. బొమ్మ మూడు ముక్కలై ఆ ఇళ్ళలో పడుంది: తల, ఎడమ సగం, కుడి సగం. ముక్క ఎత్తుకోగానే దయ్యాలు మీద పడతాయి. తెచ్చి అతికించి ఇవ్వాలి. తర్వాత అది పెద్ద గొలుసు కథవుతుంది. పిన్ని, బాబాయి, ఒక పాత గ్రంథం, చివరికి ఆ ఊరి యుద్ధాన్ని మళ్ళీ జరిపించి నాన్న ఆత్మని బాగుచేసి కూతురి దగ్గరికి పంపడం.

2009లో దాన్ని చేసినప్పుడు నాది ఓర్క్. అంత వికారమైన పచ్చటి మొహం వచ్చి బొమ్మ చేతిలో పెడితే ఆ పిల్ల భయపడదు. అది నాకు బాగా పట్టింది. ఇంటికి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డు కొనుక్కుని, ఇంకా నాలుగు నిమిషాలే ఉన్నాయని ఆ మరగొంతు చెబుతుంటే మాట తుంచుకునే రోజులవి. కాబట్టి అప్పుడు నాకొచ్చిన కన్నీళ్ళలో పమేలా వాటా ఎంతో, కాలింగ్ కార్డు వాటా ఎంతో నేను తేల్చలేను.

2019లో వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అని పాత గేమునే మళ్ళీ వదిలారు. హైదరాబాద్ నుంచి అమెరికా సర్వర్‌కి మూడొందల మిల్లీసెకన్ల ఆలస్యంతో ఒక టారెన్‌ని పెంచాను. టారెన్ అంటే ఎద్దు తలకాయ మనిషి. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు, దాన్ని 'ఆవు మావయ్య' అనేది. మేం డారోషైర్ చేరేసరికి 2020 ఫిబ్రవరి. పమేలా మాటల్ని నేను తెలుగు చేసి చెబుతుంటే ఒళ్ళో కూర్చుని వింది. దయ్యాలు రాగానే కళ్ళు మూసుకుంది, బొమ్మ ఇచ్చేటప్పుడు తనే మౌస్ నొక్కింది. ఆరేళ్ళ పిల్లకి ఈ శవాలూ దయ్యాలూ ఏంటని మా ఆవిడ వంటింట్లోంచి రెండుసార్లు అరిచింది. అది సబబే.

తర్వాత లాక్‌డౌన్. ఇంకో పాత్ర మొదలుపెట్టాను, ట్రోల్ మేజ్, అంటే ట్రోల్ జాతి మాంత్రికుడు. దసరాలకి అదీ ప్లేగ్‌ల్యాండ్స్‌కి చేరింది. మళ్ళీ పమేలా, మళ్ళీ అదే మాట: నా బొమ్మ కనబడటం లేదు.

మా అమ్మాయి తెర వైపు కాసేపు చూసింది. "మనం ఇచ్చాం కదా నాన్నా. మళ్ళీ పోగొట్టుకుందా?"

ఇది వేరే మనిషి రా, మనం ఇప్పుడు ట్రోల్ కదా, అని ఏదో చెప్పాను.

"అయితే తనకి ఆవు మావయ్య గుర్తు లేడా?"

దీనికి సాంకేతికంగా జవాబుంది. ఒక్కో ఆటగాడికి లోకాన్ని ఒక్కోలా చూపించే పద్ధతి, ఫేజింగ్, రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్‌లో వచ్చింది. పాత గేములో అది లేదు. అందరికీ ఒకటే పమేలా, వేలమంది వేల బొమ్మలిచ్చినా ఆమెకి బొమ్మ లేనట్టే. ఇదంతా దానికి చెప్పలేదు. మూడు ముక్కలూ ఏరి, ఇచ్చాం. ఈసారి దయ్యాలొచ్చినా కళ్ళు మూసుకోలేదు. తల ఏ ఇంట్లో ఉందో నాకన్నా దానికే బాగా గుర్తుంది.

మరుసటి రోజు వచ్చి, "పమేలా బొమ్మది మళ్ళీ చేద్దాం" అంది.

చేయలేం. ఒక పాత్రతో ఒకసారి చేస్తే అది అయిపోయినట్టే. ఇంకోసారి కావాలంటే ఇంకో పాత్రని సున్నా నుంచి యాభై లెవెళ్ళు పెంచాలి, నాకు నాలుగైదు నెలల పని. అప్పుడు తట్టని సంగతి మొన్న డాబా మీద తట్టింది. ఎవరూ కోరని కొమ్ము ఊదడాన్ని గేమ్ రోజూ రమ్మంటుంది. పిల్ల నోరు తెరిచి మళ్ళీ అని అడిగినదాన్ని మాత్రం ఒక్కసారితో మూసేస్తుంది. మా తమ్ముడి కొడుకు పదోసారి ఏడు చేపలు విన్నాడంటే మళ్ళీ అన్నది వాడు. గెన్షిన్‌లో మావాడు వినలేదంటే మళ్ళీ అన్నది గేము. ఇది తెలిశాక వాడి 'ఒక్కసారే వస్తుంది కదా' కూడా నన్ను అంత ఇబ్బంది పెట్టడం లేదు.

దీనికి మినహాయింపు ఉందని కూడా చెప్పాలి. వార్‌క్రాఫ్ట్‌లో ఏటా మే మొదట్లో పిల్లల వారం వస్తుంది. ఒక అనాథ పిల్లనో పిల్లాణ్ణో వెంటబెట్టుకుని ఊళ్ళు చూపించి, ఐస్‌క్రీమ్ కొనిపెట్టాలి. ఏటా అదే పిల్ల, అదే ఐస్‌క్రీమ్. అయినా పట్టపగ్గాల్లేని ఆటగాళ్ళు కూడా ఆ వారం చేస్తారు. అట్లతద్దికి ప్రతి ఏడూ అవే అట్లు ఎందుకని ఎవరూ అడగరు కదా, అలాంటిదేమో. ఏడాది ఎడం ఉంది, అది చాలనుకుంటాను.

మా అమ్మాయి పట్టు విడవలేదు. క్వెస్ట్ లేకపోతే పోనీ, ఊరికే వెళ్ళి చూసొద్దామంది. ఆవు మావయ్యనే తీసుకెళ్ళాలట. వెళ్ళాం. పమేలా అక్కడే ఉంది. నొక్కితే పలకరింపు తప్ప ఇంకేం లేదు. పక్కన కూర్చోమంది. కూర్చోబెట్టాను.

అంతలో ఒక నోమ్ వచ్చాడు. చిన్న బుడతడు, గులాబీ రంగు జుట్టు, మరగుర్రం మీద. అవతలి పక్షం వాడు. దిగకుండానే పమేలా ముందు ఆగి, నేరుగా తల ఉన్న ఇంటికి పోయాడు. "ఎడమ సగం అటు ఉందని చెప్పు నాన్నా" అంది. అవతలి పక్షానికి మన మాట అర్థం కాదమ్మా, ఏం టైప్ చేసినా పిచ్చి అక్షరాలుగా కనిపిస్తుంది అన్నాను. చెప్పాల్సిన పనీ పడలేదు. మూడు నిమిషాల్లో ముక్కలన్నీ ఏరి, పమేలా ముందు ఒక్క క్షణం ఆగి, మాయమయ్యాడు.

"వాడు వినలేదు," అంది మా అమ్మాయి.

అక్కడే కూర్చున్నాం. నేను మౌస్ వదిలేశాను. అది గడ్డం బల్లకి ఆనించి చూస్తోంది, ఎప్పుడో పమేలా ఏమైనా అంటుందేమోనని. ఐదు నిమిషాలయ్యేసరికి ఆవు మావయ్య పేరు పక్కన ఏఎఫ్‌కే అని పడింది. అదేంటి నాన్నా అని అడిగింది. మనం ఇక్కడ లేమని గేమ్ అనుకుంటోందమ్మా అన్నాను.